యారాడ తీరం నుంచి మా ప్రతినిధి

పెళ్ళయి ఉక్కునగరం వచ్చిన కొత్తలో నేను చాలా తక్కువ మాట్లాడేదాన్ని. మాట్లాడటం ఇష్టం లేక కాదు. మాది విజయనగరం దాటాక పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు. అక్కడ నా నోరు ఆపడానికి మా అమ్మ ఏదో ఒకటి తినడానికి చేతిలో పెట్టేది. విశాఖలో డిగ్రీకి హాస్టల్లో చేరాక మొదటిసారి నా మాట నాకే వినబడటం మొదలైంది. గదిలోని అమ్మాయిలు నా చేత 'చేపల చెరువు' అనిపించుకునేవారు. నేను 'సేపల సెరువు' అనగానే మంచాల మీద పడి నవ్వేవారు. చెడ్డవాళ్ళు కారు, నాకు జ్వరమొస్తే కాఫీ పట్టుకొచ్చి తాగించింది కూడా వాళ్ళే. అయినా ఆ నవ్వు నాలో ఎక్కడో ఉండిపోయింది.

మా అత్తవారిది గోదావరి జిల్లా. మామగారు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చి స్థిరపడ్డారట. నేను కాపురానికి వచ్చేనాటికి ఆయన లేరు. మా ఆయన ఉక్కునగరంలోనే పుట్టి, అక్కడి బడిలోనే చదువుకుని, ఆ ప్లాంటులోనే రోలింగ్ మిల్లులో చేరాడు. క్వార్టరులో ముగ్గురమే ఉండేవాళ్ళం. ఆయన షిఫ్టుకి వెళ్ళిపోతే నేనూ, అత్తయ్యా.

అత్తయ్య సీరియళ్ళు చూసేది కాదు, వార్తలు చూసేది. చూడటమంటే కూర్చుని వినడం కాదు, చదివేవాళ్ళని పరీక్ష పెట్టినట్టు వినడం. "ళ పలకలేదు చూడు" అనేది. "ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలీదు వీడికి" అనేది. అదే చెవితో నన్నూ వినేది. నేను "ఏటి కూర వండమంటారు అత్తయ్యా" అంటే, "ఏటి కాదమ్మా, ఏం కూర" అని కూరగాయల బుట్ట నా వైపు జరిపేది. అందులో కోపం ఉండేది కాదు. ఎదురుగా ఉన్నవాళ్ళ పైట జారితే సర్దినంత మామూలుగా ఉండేది.

దాంతో నేను ప్రతి వాక్యాన్నీ ముందు లోపల అనుకుని, సరిచేసుకుని, ఆ తర్వాత బయటికి వదలడం అలవాటు చేసుకున్నాను. అప్పటికి ఎదుటివాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి బ్లాకులో నాకు నెమ్మదస్తురాలని పేరొచ్చింది. "మీ కోడలు నోట్లో నాలుక లేని పిల్ల" అని ఎవరో అంటే అత్తయ్య సంతోషించింది. ఆ మాట మా ఊళ్ళో చెబితే ఒక్కరూ నమ్మేవారు కారు.

ఆట మొదలైంది మా కింద వాటాలోని తమ్ముడి వల్ల. తమ్ముడంటే సొంత తమ్ముడు కాడు. గాజువాక వాడు, మా ఆయన మిల్లులోనే పని. మా ఆయన్ని 'బావ' అని పిలిచేవాడు కాబట్టి నేను 'అక్క'ని అయ్యాను. వాళ్ళ పాప పుట్టినరోజు సాయంత్రం బ్లాకులోని వాళ్ళమంతా వాళ్ళింట్లో చేరాం. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. బయట పెద్ద వాన. కేకు కోశారో లేదో కరెంటు పోయింది. పాటలు ఆగిపోయాయి. పిల్లలు సోఫాలెక్కి గోల మొదలుపెట్టారు. అప్పుడు తమ్ముడు వంటింట్లోంచి ఒక గరిటె తెచ్చి, మైకులా నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడే అందిన వార్త. ఉక్కునగరంలో కరెంటు తప్పిపోయింది. చివరిసారిగా ఫ్యాను రెక్క మీద కూర్చుని ఉండగా చూసినట్టు ప్రత్యక్ష సాక్షులు చెబుతున్నారు. ఆచూకీ తెలిసినవారు కేకు దగ్గర సంప్రదించగలరు."

పిల్లలు సోఫాలు దిగి వచ్చి, ఇంకోటి చెప్పమని మీద పడ్డారు. అలా ఒకటి, రెండు, ఆ తర్వాత పెద్దవాళ్ళు కూడా. ఆడుతూ ఆడుతూ ఉండగానే నియమాలు పుట్టాయి. ఎవరో ఒకరు ఒక మాట విసరాలి. స్టూడియోలో కూర్చున్న మనిషి దాన్ని వార్తగా చదవాలి. ఆ తర్వాత ప్రతినిధిని పిలిచి ప్రశ్నలు అడగాలి. ప్రతినిధి 'తెలీదు' అనకూడదు, 'కాదు' అనకూడదు. స్టూడియోలో ఏం చెబితే అది జరిగిపోయినట్టే, అక్కడి నుంచి ముందుకు తీసుకెళ్ళాలి. నవ్వితే లేచిపోవాలి.

"పిన్నిగారూ, మీరు సదవాలి వార్తలు. మీ కన్నా ఎవరికి తెలుసు" అన్నాడు తమ్ముడు అత్తయ్యతో.

ఆవిడ వద్దంటుందనుకున్నాను. అత్తయ్య పైట సర్దుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, కొవ్వొత్తి వెలుగులో నిటారుగా కూర్చుంది. "నమస్కారం. వార్తలు చదువుతున్నది మీ కింద వాటా పిన్నిగారు" అంది. మేం ఉండేది పైవాటాలో అని ఎవరో అనబోతే తమ్ముడు ఊరుకోమని సైగ చేశాడు. వార్తల్లో చెప్పాక అదే నిజం.

ఒక పాప "దోసెలు" అని అరిచింది.

"మన బ్లాకులో దోసెల పిండి అదుపు తప్పి పొంగి, మెట్లు దిగుతోంది. అక్కడే ఉన్న మా ప్రతినిధిని అడిగి వివరాలు తెలుసుకుందాం" అని అత్తయ్య నావైపు చూసింది. ఆ సమయానికి నేను పకోడీల పళ్ళెం పట్టుకుని గది దాటుతున్నాను. తమ్ముడు పళ్ళెం తీసుకుని గరిటె నా చేతిలో పెట్టాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. నేను మామూలుగా చేసే పనే చేశాను. వాక్యం లోపల కూర్చుకున్నాను. "అవునండీ. ఇక్కడ పిండి పొంగుతున్నది" అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. పిల్లలు పక్కకి చూడటం మొదలుపెట్టారు.

"అక్కడి ప్రజలు ఏమంటున్నారు?" అని అత్తయ్య అడిగింది.

ఇంక కూర్చుకోవడానికి టైము లేదు. నోటికొచ్చింది అనేశాను. "ప్రెజలేటంటారండి. గిన్నెలట్టుకోని లైన్ల నిలుసున్నారు. ముందొచ్చినోడికి అట్టు, ఎనకొచ్చినోడికి ఇడ్లీ అంటన్నారు. ఇద్దరికీ సెట్నీ ఎవులు తెత్తారని గొడవపడతన్నారు."

గది నవ్వులతో దద్దరిల్లింది. తమ్ముడు గోడకి జారగిలబడి నవ్వాడు. వాళ్ళావిడ లేచి వంటింట్లోకి పారిపోయింది. నాకు హాస్టల్ గదే గుర్తొచ్చింది. గరిటె బల్ల మీద పెట్టబోయాను.

"ఉండండి, లైన్లోనే ఉండండి" అంది అత్తయ్య. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. టీవీలో అమ్మాయిలు చేసినట్టు చెవి దగ్గర రెండు వేళ్ళు పెట్టుకుంది. "పిండి ప్రస్తుతం ఎక్కడ ఉంది?"

గరిటె మళ్ళీ తీసుకున్నాను. "మెట్లు దిగీసిందండి. కింద తమ్ముడోల స్కూటరెక్కీసింది. తాలం సెవి అడుగుతంది. ఇత్తే గాజువాక దాకా ఎల్లొచ్చీత్తాను అంతంది."

మళ్ళీ నవ్వులు. ఈసారి నేను వాళ్ళ ముఖాలు చూశాను. నవ్వి నవ్వి ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నావైపే తిరుగుతున్నారు. తర్వాత ఏమవుతుందో కావాలి వాళ్ళకి. హాస్టల్లో ఎవరికీ నా తర్వాతి మాట అక్కర్లేకపోయేది. ఆ తేడా పట్టుబడ్డాక నాకు ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. కరెంటు వచ్చేదాకా ఆ పిండిని నేను గాజువాక తీసుకెళ్ళాను, సినిమా చూపించాను, తిరిగి తీసుకొచ్చి గిన్నెలో పడుకోబెట్టాను.

మెట్లెక్కి ఇంటికి వస్తుంటే అత్తయ్య నా ముందు నడుస్తోంది. తలుపు తాళం తీస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది. "ఆ 'ప్రెజలు' అన్నావు చూడు. దాన్ని మార్చకు."

ఆ తర్వాత మా బ్లాకులో ఆదివారం సాయంత్రాలు అదే ఆట. వానాకాలం అయిపోయాక మేడ మీదికి మారింది. మేడ మీంచి ప్లాంటు చిమ్నీలు కనబడేవి. షిఫ్టు నుంచి వచ్చినవాళ్ళు స్నానం చేసి, లుంగీల్లోనే పైకి వచ్చి కూర్చునేవారు. జంటలు మారుతుండేవి గాని, అత్తయ్య స్టూడియోలో, నేను బయట ఉంటే మాత్రం ఎదురు కూర్చోవడానికి ఎవరూ ముందుకు వచ్చేవారు కారు. ఆవిడ చదివే తీరు అంత గంభీరంగా ఉండేది. దానికి ఎదురుగా నా మాట పడేసరికి ఎంతటివాళ్ళూ తట్టుకోలేకపోయేవారు.

వారం మధ్యలో కూడా మాకు అది ఆగేది కాదు. నేను పొయ్యి దగ్గర ఉంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి, "వంటగది నుంచి తాజా పరిస్థితి?" అని అడిగేది.

"వంకాయలు లొంగిపోనాయండి. బంగాలదుంపలు ఇంకా సర్సలు జరుపుతన్నాయి."

"చర్చలు ఎప్పటికి కొలిక్కి వస్తాయి?"

"ఇంకో గలాసుడు నీల్లు పోసి మంట పెంచితే వత్తాయండి."

ఒకరోజు మా ఆయన షిఫ్టు నుంచి ముందుగా వచ్చి గుమ్మంలో హెల్మెట్టుతో అలాగే నిలబడిపోయాడు. మేం చూసుకోలేదు. కుక్కరు విజిలు గురించి మా ఇద్దరి మధ్య పెద్ద చర్చ నడుస్తోంది. అయ్యాక అడిగాడు. "ఏటిది, మా అమ్మ నవ్వకుండా ఇలాంటివి మాట్లాడుతుందా?" పెళ్ళయిన తర్వాత ఆయన నోట 'ఏటి' వినడం అదే మొదలు. వీధిలో స్నేహితులతో ఆయన అలాగే మాట్లాడతాడని, గుమ్మం దాటి లోపలికి వచ్చేటప్పుడు మార్చుకుంటాడని నాకు అప్పుడు తెలిసింది.

అత్తయ్య తన సంగతి చెప్పింది ఆ రోజుల్లోనే. కందిపప్పు ఏరుతూ ఉన్నట్టుండి ఎత్తుకుంది. కొత్తగా గోదావరి నుంచి వచ్చినప్పుడు ఎవరు పిలిచినా ఆవిడ "ఆయ్" అని పలికేదట. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కావాలనే పిలిచి, ఆ 'ఆయ్' విని నవ్వుకునేవారట. ఆవిడ రేడియో పెట్టుకుని, వంట చేస్తూ వార్తలు చదివేవాళ్ళ వెనకే పలుకుతూ మాట మార్చుకుందట.

"మార్చుకున్నందుకు నాకేం బాధ లేదు" అంది. "కానీ మా చెల్లెలు ఫోను చేసిందనుకో. కాసేపు మాట్లాడి, 'అక్కా, వార్తలైపోయాయా, ఇక మాట్లాడుకుందామా' అంటుంది."

ఆవిడ పప్పు కడగడానికి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నన్ను సరిదిద్దడం మాత్రం మానేసింది.

కార్తీకమాసంలో మా సెక్టారులోని బ్లాకులన్నీ కలిసి వనభోజనాలకి యారాడ వెళ్ళాం. బస్సు కొండెక్కి దిగుతుంటే పక్కన సముద్రం విచ్చుకుంటూ వచ్చింది. రేవు బయట వరసలో ఆగిన ఓడలు కనబడ్డాయి. కొబ్బరిచెట్ల కింద జంపఖానాలు పరిచాం. వంటవాళ్ళు ఒకపక్క పొయ్యిలు ముట్టించారు. పిల్లలు నీళ్ళ అంచు వదలడం లేదు.

మా ఆట సంగతి అప్పటికే మిగతా బ్లాకుల్లోకి పాకింది. ఎదుటి బ్లాకు వాళ్ళు కూడా ఆడుతున్నారని, వాళ్ళకి ఒక పెద్దాయన ఉన్నారని, ఆయన్ని ఇంతవరకూ ఎవరూ నవ్వించలేదని తమ్ముడు బస్సులోనే చెప్పాడు. ఆ పెద్దాయన్ని మేమందరం ఎరుగుదుం. రిటైరయి, ప్లాంటులో ఉద్యోగం చేస్తున్న కూతురి దగ్గర ఉంటున్నారు. కాలనీ సంఘానికి ఆయనే పెద్ద. వీధి దీపం ఆరిపోయినా, కుక్కల బెడద ఎక్కువైనా ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళం. ఎవరేం చెప్పినా చివరిదాకా విని, "రాసివ్వండి, చూద్దాం" అనేవారు. రాసిస్తే నిజంగానే చూసేవారు. గొంతు మాత్రం గుడి గంటలా ఉండేది. నవ్వగా నేను చూడలేదు.

పందెం పెట్టుకున్నారు. రెండు బ్లాకులూ ఎదురెదురుగా వరసగా కూర్చోవాలి. ఒకళ్ళు వార్తలు చదువుతుంటే రెండోవాళ్ళు వినాలి. ఏ వైపు వాళ్ళయినా సరే, నవ్వినవాళ్ళు లేచి వెళ్ళి అరిటాకులు కడగాలి. చివరికి ఏ వరసలో మనిషి మిగిలితే వాళ్ళది గెలుపు. ఓడిన బ్లాకు వడ్డించాలి, గెలిచిన బ్లాకు ముందు తినాలి. అప్పటికే పులిహోర తాలింపు వాసన వస్తోంది. అందరికీ ఆకలి మొదలైంది.

ముందు వాళ్ళ వంతు. తమ్ముడు "పులిహోర" అని మాట విసిరాడు. పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నారు.

"పులిహోర గంగాళం వద్ద భద్రతను కట్టుదిట్టం చేశారు. ఉదయం నుంచి జీడిపప్పులు అదృశ్యమవుతున్నట్టు అధికారులు ధ్రువీకరించారు. దర్యాప్తు ముమ్మరంగా సాగుతోంది. నిందితుడి వేళ్ళు పసుపుపచ్చగా ఉండవచ్చని అనుమానిస్తున్నారు." ఆగి, తల మెల్లగా తిప్పి, మా వరసని ఆ చివర నుంచి ఈ చివరకి చూశారు.

మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అంతే, మా వరస సగం కుప్పకూలింది. తమ్ముడు ముందే పడిపోయాడు. మా ఆయన తన వేళ్ళు తానే చూసుకుని నవ్వుకుంటూ లేచాడు. పెద్దాయన ఆగలేదు. నిందితుడు తన భార్యకి కూడా వాటా ఇవ్వలేదని, ఆమె వాంగ్మూలం నమోదు చేస్తున్నారని చదివారు. మిగిలినవాళ్ళూ పోయారు. నేను బుగ్గ లోపల పళ్ళతో పట్టుకుని, దూరంగా ఒక ఓడ మీద కన్ను నిలిపి కూర్చున్నాను. ఆయన ముగించేసరికి మా వరసలో నేనూ అత్తయ్యా మాత్రమే ఉన్నాం.

మా వంతు వచ్చింది. అటునుంచి ఒక అమ్మాయి "ఓడ" అంది. అత్తయ్య కుర్చీలో కూర్చుంది. నేను గరిటె పట్టుకుని ఇసకలో నిలబడ్డాను.

"విశాఖ రేవుకి చేరవలసిన ఒక ఓడ దారి తప్పి యారాడ వనభోజనాలకి వచ్చింది. అక్కడి నుంచి మా ప్రతినిధి."

"వచ్చీసిందండి. ఆకేసుకోని పంక్తిల కూకుంది. కేప్టెన్ గారు నీల్లు సల్లి ఆకు కడుగుతన్నారు. లంగరు ఎక్కడెయ్యమంటారని అడిగితే, మనోలు పప్పులో ఎయ్యమన్నారు."

వాళ్ళ వరసలో ముగ్గురు నలుగురు లేచారు.

"ఓడలో సరుకేమిటి?"

"బొగ్గండి. వంటోలు కందిపొడి అనుకోని కలిపీసినారు. తిన్నోలందరూ నెయ్యి తక్కువైందంతన్నారు గానీ, బొగ్గని ఒక్కలూ అన్నేదండి."

వాళ్ళ వరస మొత్తం లేచిపోయింది. పొయ్యిల దగ్గర వంటవాళ్ళు కూడా గరిటెలు వదిలేసి నవ్వుతున్నారు. పెద్దాయన మాత్రం చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కదలకుండా మమ్మల్నే చూస్తున్నారు. అత్తయ్య తర్వాతి ప్రశ్న అడగడానికి నోరు తెరిచింది. అందులోంచి ప్రశ్న రాలేదు. ఆవిడ భుజాలు ఊగడం మొదలైంది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. ఇన్ని ఆదివారాలు ఒక్కసారి కూడా పెదవి కదపని మనిషి, "నెయ్యి తక్కువైందా" అంటూ, కళ్ళ నీళ్ళు కారుతుండగా కుర్చీలోంచి లేచింది.

"అయ్యో, నన్ను ఒదిలీసి ఎల్లిపోతన్నారేటి" అన్నాను.

"నా వల్ల కాదమ్మాయ్. నువ్వు కానీ" అని ఆవిడ ఆకులు కడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎదురెదురుగా పెద్దాయనా, నేనూ మిగిలాం. చుట్టూ అందరూ గుమిగూడారు. "అక్కా, నువ్వే కుర్సీలో కూకో. నువ్వే సదివీ" అన్నాడు తమ్ముడు. నేనెప్పుడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. అది అత్తయ్య చోటు, అక్కడ చక్కటి భాష మాట్లాడాలి. కూర్చున్నాను. "మాట విసరండి" అన్నాను.

పెద్దాయన నీళ్ళ అంచు వైపు చూశారు. "నా ఎడమ బూటు కనపడటం లేదు" అన్నారు. మాట విసిరారో, నిజమే చెబుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. చూస్తే నిజమే. అంచున విడిచిన జతలో ఒక్కటే ఉంది. రెండోది కెరటం లాక్కెళ్ళినట్టుంది.

"నమస్కారం. ఈనాటి వార్తలలోని ముఖ్యాంశాలు" అని అత్తయ్య పద్ధతిలోనే మొదలుపెట్టాను. రెండు వాక్యాలు అలాగే చదివాను. ఆయన తల ఆడిస్తూ, హాయిగా వింటున్నారు. అలా చదివితే సాయంత్రం దాకా వింటారని నాకు తెలిసిపోయింది. ఆపేశాను. గాలికి ఎగురుతున్న పైట నడుముకి దోపుకున్నాను. మా ఊళ్ళో గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేటప్పుడు ఎలా కూర్చుంటానో అలా కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకున్నాను.

"దండాలండి. వారతలు సదువుతన్నది నాను" అన్నాను.

ఎవరో ఈల వేశారు.

"పెద్దాయన బూటు కనపడనేదని మనందరికీ తెలిసిందే. ఇప్పుడే కబురొచ్చింది. బూటు దొరికింది గానీ, కాలీగా నేదు. ఒక పీత పిల్లలతో సహా దాన్ల దిగిపోనాది. గది ఒకటే గానీ గాలి బాగొత్తందట. ముందుపక్క కిటికీ ఉంది."

ఒడ్డున మిగిలిన బూటుకి ముందు భాగంలో చిన్న చిరుగు ఉంది. జనం అటు చూసి నవ్వారు. ఆయన కదల్లేదు.

"నాను ఎల్లి అడిగినాను. ఏటమ్మా, ఎవుల్ని అడిగి దిగినావు అని. పెద్దాయన్నే అడిగినానండి అంది. ఆయనేటన్నారు అన్నాను." ఆగాను. ఆయన కళ్ళలోకి చూశాను. "రాసిమ్మన్నారండి, సూద్దాం అన్నారండి అంది."

కాలనీ మొత్తం గొల్లుమంది. పెద్దాయన పెదవి ఒక మూల కొంచెం కదిలింది. వెంటనే సర్దుకున్నారు. నేను గొంతు తగ్గించాను. వినడానికి అందరూ ముందుకు వంగారు.

"మరి రాసినావా అన్నాను. రాసినానండి, ఈ ఇసకంతా రాసినాను అంది. రాత్తే ఇంకేటి అన్నాను. అచ్చరాలన్నీ అడ్డంగా ఎల్లిపోనాయండి అంది."

ఆయన భుజాలు ఒకసారి ఎగిరాయి.

"సరే, అడ్డంగా ఉన్నా పరవానేదు, తీసుకెల్లి ఇచ్చీ అన్నాను. ఇద్దారనుకునేసరికి కెరటం వచ్చి ఫైలట్టుకెల్లిపోనాదండి, మల్లీ రాసిమ్మంతన్నారు, అంది."

ముందు ఒక దగ్గులాంటి శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఆ గంట గొంతు తెరుచుకుంది. ఆయన వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, పొట్ట పట్టుకుని నవ్వారు. అంత పెద్ద నవ్వు ఆయన దగ్గర ఉందని ఆయన కూతురికే తెలిసినట్టు లేదు, పరుగెత్తుకొచ్చి మంచినీళ్ళు ఇవ్వబోయింది. ఆయన వద్దని చెయ్యూపి, ఇసకలో లేచి నిలబడ్డారు. లేచారంటే ఓడినట్టే. మా బ్లాకు వాళ్ళంతా కేకలు పెడుతూ నా మీదికి వచ్చిపడ్డారు. తమ్ముడు కుర్చీతో సహా నన్ను పైకెత్తబోయి, బరువాపలేక కింద పెట్టేశాడు.

పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. ఇంకా ఊపిరి అందడం లేదు. "ఆ పీతకి ఇల్లు ఇచ్చేశానని చెప్పమ్మా" అన్నారు. "రాసివ్వక్కర్లేదు."

భోజనాలకి ముందు మా బ్లాకు కూర్చుంది. పెద్దాయన ఒక కాలికి బూటుతో, ఒక కాలు వట్టిగా, తనే పులిహోర వడ్డించుకుంటూ వచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న అత్తయ్య, "ఇంకొంచెం వెయ్యండి. మా కోడలి గొంతు ఎండిపోయింది" అంది. ఆయన జీడిపప్పులన్నీ ఏరి నా ఆకులో వేశారు. మా ఆయన ఆశగా చూశాడు. ఆ పూట ఒక్కటి కూడా ఇవ్వలేదు ఆయనకి.

బస్సెక్కే ముందు పెద్దాయన మళ్ళీ పిలిచారు. నెలకోసారి కాలనీ సమావేశంలో ఆయన మైకు ముందు ప్రకటనలు చదువుతారు. నీళ్ళెప్పుడు రావు, కరెంటు ఎప్పుడు ఆపుతారు, పిల్లలకి టీకాలు ఎక్కడ, అలాంటివి.

"వచ్చే నెల నుంచి మీరు చదవాలి" అన్నారు.

"నా భాషలోనాండి?"

"మీ భాషలోనే. ఇన్నాళ్ళూ నేను చదివాను. ఒక్కరూ వినలేదు."

ఆ నెల చదివాను. మంగళవారం పొద్దున్న కుళాయిల మరమ్మతు, నీళ్ళు రావు. ఆ ఒక్క ముక్కనీ, కుళాయి ఒంట్లో బాగోలేక సెలవు పెట్టిందని మొదలుపెట్టి, సెలవులో అదెక్కడికి వెళుతుందో, బకెట్లు దాని కోసం ఎంత బెంగపెట్టుకుంటాయో చెప్పాను. హాలు వెనక నిలబడే మగవాళ్ళు కుర్చీలు వెతుక్కుని ముందుకు వచ్చి కూర్చున్నారు. అయ్యాక ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మాయమ్మ మాటే మాటాడతన్నావు. ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. చెప్పాను. పక్క ఊరే ఆవిడది.

సోమవారం రాత్రికి మా కాలనీలో బిందెలు నింపుకోని ఇల్లు లేదు.